విమానం ఎక్కకముందే కోర్సు రద్దయితే పిల్లలు ఎవరి దగ్గరికి పోవాలి? ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయ ముఖ్యమంత్రి గారికి,

నమస్కారం. విద్యాశాఖ మీ దగ్గరే ఉంది, పైగా మీరు మా ఉమ్మడి పాలమూరు బిడ్డ. అందుకే నేరుగా మీకే రాస్తున్నాను. మహబూబ్‌నగర్‌లో ఇరవై ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను.

2025 ఆగస్టులో నా పాత విద్యార్థిని ఇంటికి వెళ్లాను. కల్వకుర్తి దగ్గర ఊరు, వాళ్ల నాన్నది చిన్న కిరాణా కొట్టు. రెండు కొత్త సూట్‌కేసులు కాటా పక్కనే ఉన్నాయి. ఒక్కోటి 23 కిలోలు దాటకూడదని బియ్యం తూచే కాటా మీదే పెట్టి చూసుకున్నారట. కారప్పొడి పొట్లం ఒకటి తీసేసి, మళ్లీ తూచి, తాళాలు వేశారట. రెండు రోజుల కిందటే అమెరికా యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. ఆ ఎంఎస్ కోర్సులో ఈ ఏడాది ఎవరినీ చేర్చుకోవడం లేదని దాని సారాంశం. వాళ్లమ్మ నాకు అన్నం పెట్టి, బిడ్డతో పంపాలని కట్టిన గోంగూర పచ్చడి సీసా విప్పింది. "ఇంకెవలికి దాచాలె సార్" అన్నది. ఆ ముద్ద నాకు గొంతు దిగలేదు.

అప్పటికే ఆ ఇంటి నుంచి చాలా డబ్బు పోయింది. విదేశీ విద్యార్థుల నమోదుకు అమెరికా తీసుకునే సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు, పరీక్షల ఫీజులు, టికెట్ రద్దులో కోత, కన్సల్టెన్సీకి కట్టింది. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు తాకట్టు అడుగుతుంది కాబట్టి ఇంటి కాగితాలు అక్కడ పెట్టారు. అప్పు ఒక్క రూపాయి చేతికి రాలేదు, కాగితాలు వెనక్కి రావడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. మా తాతల కాలంలో వలస కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని ఊరు దాటేవారు. ఈ బిడ్డ తానే ఎదురు అడ్వాన్సులు కట్టి, ఊరు దాటకుండానే నష్టపోయింది.

మన ప్రభుత్వ విదేశీ విద్యానిధి పథకాలు మంచివి. విదేశీ చదువుకు 20 లక్షల సాయమంటే పేదింటికి చిన్న మాట కాదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలు ఎందరో దాంతో గట్టెక్కారు, అందులో నా విద్యార్థులూ ఉన్నారు. కానీ మొదటి విడత డబ్బు ఆ దేశంలో దిగిన తర్వాతే వస్తుంది, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపిస్తే. దుర్వినియోగం కాకుండా ఆ జాగ్రత్త ఉండాల్సిందే. తన తప్పేమీ లేకుండా అవతలివాళ్లే తలుపు మూస్తే దిగలేకపోయిన పిల్లకు మాత్రం అందులో చోటు లేదు.

ఇది ఎప్పుడో ఒకసారి జరిగే సంగతి కాదు. 2020లో కరోనా, 2022లో ఉక్రెయిన్ యుద్ధం చూశాం. 2024లో కెనడా స్టడీ పర్మిట్లకు పరిమితి పెట్టింది. 2025 మే చివర్లో అమెరికా కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూల బుకింగ్ ఆపేసి, మూడు వారాల తర్వాత కొత్త షరతులతో తెరిచింది. ఉక్రెయిన్ నుంచి మన వైద్య విద్యార్థులను విమానాల్లో తెచ్చుకున్నాం, ఆ తర్వాత వాళ్ల చదువు ఎక్కడ కొనసాగాలన్నది మాత్రం కోర్టుల్లో నలిగింది.

నేను మొదట అడిగేది డబ్బు కాదు, సీటు. ఆ పిల్ల మన రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్‌కు దరఖాస్తు చేయలేదు. అమెరికా పోయే పిల్ల ఎందుకు చేస్తుంది? మెయిల్ వచ్చేసరికి గడువు దాటిపోయింది. చివరి విడత కౌన్సెలింగ్ అయ్యాక పాలమూరు యూనివర్సిటీలో, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో పీజీ సీట్లు మిగిలితే, ప్రవేశపత్రం, రద్దు మెయిల్ చూపించిన వాళ్లకు డిగ్రీ మార్కులతో ఇవ్వండి. ఏడాది వృథా కాదు. ఆడపిల్ల విషయంలో ఆ ఏడాది ఎంత విలువైనదో మీకు చెప్పనక్కర్లేదు. ఇంట్లో కూర్చున్న మూడో నెలకే సంబంధాలు మొదలవుతాయి.

విద్యానిధి దరఖాస్తు కూడా ఆమె పేరున అలాగే బతికి ఉండాలి. కొత్త ప్రవేశపత్రం తెస్తే చాలు, ఆదాయం, కులం సర్టిఫికెట్ల కోసం మళ్లీ మీసేవ చుట్టూ తిప్పవద్దు. తిరిగిరాని ఫీజుల్లో కొంతైనా ప్రభుత్వం భరిస్తే ఇంకా మేలు. జిల్లా కలెక్టరేట్‌లో ఈ పిల్లల మాట వినడానికి ఒక అధికారిని పెట్టండి. ఆ మెయిల్ వచ్చిన రాత్రి ఆ పిల్ల నాన్న ఎవరికి ఫోన్ చేయాలో తెలియక నాకు చేశాడు. నాకూ తెలియలేదు.

ఆమె ఇప్పుడు దగ్గర్లోని ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది. "ఎప్పుడు పోతున్నవ్ బిడ్డా" అని అడుగుతారని పొద్దున అందరూ ఎక్కే బస్సు వదిలేసి నడిచే పోతోంది. మొన్న ఫోన్ చేసి, "సార్, వచ్చేసారికి అప్లికేషన్ అంతా మళ్ల మొదటి నుంచి నింపాల్నా?" అని అడిగింది. కనుక్కుని చెబుతానన్నాను. మీ నుంచి ఉత్తర్వు వస్తే దాని కాపీ పట్టుకుని నేనే కల్వకుర్తి వెళ్తాను.

ఇట్లు,
ఒక గణిత అధ్యాపకుడు,
మహబూబ్‌నగర్