రద్దయిన వారెంటు మా స్టేషన్‌కి ఎప్పుడు చేరుతుంది? హోంమంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర హోంమంత్రి గారికి నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా, కవిటి మండలం. ఉద్దానం ఊళ్లలో మగవాళ్లు ఏడాదిలో సగం రోజులు ఇంట్లో ఉండరని మీకు తెలిసే ఉంటుంది. కొందరు చెన్నైలో తాపీ పనికి, కొందరు హైదరాబాద్‌లో వాచ్‌మెన్లుగా, సముద్రం ఒడ్డు వాళ్లయితే గుజరాత్ వెరావల్ బోట్ల మీదికి పోతారు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో జరిగిన గొడవంతా ఇక్కడే మొదలైంది.

మా చిన్నాన్న మీద జీడితోట గట్టు తగాదాలో ఒక చిన్న కేసుంది. ఆయన చెన్నైలో తాపీ మేస్త్రీ. సమన్లు పట్టుకుని కానిస్టేబుల్ వచ్చినప్పుడు ఇంట్లో పిన్ని ఒక్కతే ఉంది. "మగవాళ్లెవరూ లేరా" అని అడిగి, లేరనేసరికి, పిన్ని సంతకం పెడతానన్నా వినకుండా కాగితం వెనక్కి పట్టుకుపోయారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో అలాగే ఉండేది, మనిషి దొరక్కపోతే ఇంట్లో ఉన్న మగమనిషికే ఇవ్వాలని. కానీ దాని బదులు 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 66వ సెక్షన్‌లో ఆ 'మగ' అనే మాట తీసేశారు, కుటుంబంలో కలిసి ఉంటున్న మేజర్లు ఎవరైనా తీసుకోవచ్చు. మా లాంటి ప్రాంతానికి ఆ చట్టంలో ఇంతకంటే పనికొచ్చే మార్పు ఇంకోటి లేదనుకుంటాను, అది మా స్టేషన్ దాకా వస్తే కదా!

మనిషి అందుబాటులో లేడని రాసి పంపేశారు. రెండు వాయిదాలు తిరిగేసరికి నాన్‌బెయిలబుల్ వారెంటు (ఎన్‌బీడబ్ల్యూ), అంటే పట్టుకుని కోర్టుకి తేవాల్సిన అరెస్టు వారెంటు. ముందు సమన్లు, తర్వాత బెయిలబుల్ వారెంటు, కావాలనే తప్పించుకుంటున్నాడని తేలితేనే ఎన్‌బీడబ్ల్యూ అని సుప్రీంకోర్టు 2007లోనే ఇందర్ మోహన్ గోస్వామి కేసులో చెప్పింది. సరే, అది కోర్టుల సంగతి, మిమ్మల్ని అడగాల్సింది కాదు. విషయం తెలియగానే చిన్నాన్న రైలెక్కి వచ్చాడు, లాయరు గారు వారెంటు వెనక్కి తీసుకోమని రీకాల్ పిటిషన్ వేశారు, మేజిస్ట్రేట్ గారు విని అదే రోజు వారెంటు రద్దు చేశారు. జీడిపిక్కల సీజన్ కదా అని ఆయన ఊళ్లోనే ఉండిపోయాడు.

పదకొండో రోజు తెల్లారగట్ల అయిదింటికి తలుపు కొట్టారు. నేను పక్కింట్లోనే ఉంటాను, లేచి వెళ్లేసరికి చిన్నాన్న బనీనుతో వాకిట్లో నిలబడి ఉన్నాడు, టార్చి వెలుగులో అదే వారెంటు, నాలుగు మడతలు పెట్టింది, కింద కోర్టు సీలు. "ఏటి బాబూ, మొన్ననే కోర్టులో తీసేసినారు కదా" అని పిన్ని అంటూనే ఉంది. కాపీ చూపించమన్నారు. కాపీ ఇంకా చేతికి రాలేదు, లాయరు గారి ఫోను ఆ టైములో స్విచాఫ్. చొక్కా వేసుకోనిచ్చారు, అంతవరకు నయం. కోర్టు తెరిచేదాకా స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టి, మధ్యాహ్నం లాయరు గారు ఆర్డరు తెచ్చాక వదిలేశారు. "మా రిజిస్టర్లో ఎక్కలేదమ్మా" అన్నారు. అంతే.

2010 జూలై 14న సోంపేటలో థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగాక వాయిదాలకు తిరిగినవాళ్లు మా చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. వాళ్లు కోర్టు కాగితం ముక్క కూడా పారెయ్యరు, ఎందుకో నాకు ఆ రోజు అర్థమైంది.

అమ్మా, ఇది కొత్త సమస్య కాదు. ముంబైలో 2002 ఆగస్టు 15న ఒక లాయరుని అప్పటికే రద్దయిపోయిన వారెంటు మీద అరెస్టు చేశారు. ఆ కేసులోనే సుప్రీంకోర్టు 2011లో చెప్పాల్సిందంతా చెప్పింది. ప్రతి వారెంటుకీ నంబరు ఉండాలి, కోర్టులో ఒక రిజిస్టరు, స్టేషన్‌లో ఒక రిజిస్టరు ఉండాలి, వారెంటు ఫలానా తేదీలోగా అమలైనా కాకపోయినా కోర్టుకి తిరిగి రావాలి, రద్దయితే ఆ ఆర్డరు కాపీ అమలు చేయాల్సిన అధికారికి పంపి వారెంటు వెంటనే వెనక్కి తెప్పించాలి, ముద్దాయికి కూడా ఒక కాపీ ఇవ్వాలి. అందులో సగం జరిగినా మా పిన్ని ఆ పొద్దున కాగితం కోసం వెతుక్కునే పని ఉండేది కాదు. ఆ ముంబై లాయరుకైతే అక్కడి హైకోర్టు రెండు వేల రూపాయల పరిహారం ఇప్పించింది, అదీ అరెస్టు చేసిన ఇన్‌స్పెక్టర్ జేబులోంచి. మేస్త్రీకి ఎవరిప్పిస్తారు?

ఇంకో మాట. ఆ హడావుడిలో ఒకాయన లోపలికెళ్లి బీరువా తెరిచారు. అరెస్టు వారెంటు ఉంటే మనిషి కోసం ఇల్లు వెతకొచ్చు, కాదనను. చిన్నాన్న వాకిట్లోనే ఉండగా బీరువాతో పనేముంది? వస్తువుల కోసమైతే సోదా వారెంటన్నా ఉండాలి, లేదంటే దర్యాప్తు అధికారి కారణాలు కాగితం మీద రాసిపెట్టుకోవాలి. ఊళ్లోవాళ్లని ఇద్దరిని సాక్షులుగా పిలవాలి, ఇప్పుడు అదే కొత్త చట్టం 105వ సెక్షన్ కింద వీడియో కూడా తియ్యాలి. ఆ రోజు ఇవేవీ లేవు. ఏమీ పోలేదు, కానీ పిన్ని చీరలు నేల మీద పడేసి వెళ్లిపోయారు.

మేం కోరేది పెద్ద ఖర్చు పని కాదు. వారెంటు అమలుకి బయల్దేరే ముందు అది ఇంకా అమల్లో ఉందో లేదో కోర్టు కానిస్టేబుల్‌ని అడిగి, ఆ సంగతి స్టేషన్‌లో రోజువారీ రాసే జనరల్ డైరీలో ఎక్కించాలని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. రద్దయిన సాయంత్రమే ఆ కబురు స్టేషన్‌కి చేరేలా చూడండి, ముద్దాయి ఫోనుకి కూడా ఒక మెసేజ్ పంపించండి. ప్రభుత్వ 'మన మిత్ర' వాట్సాప్‌లో అన్నన్ని సర్టిఫికెట్లు ఇస్తున్నారు, ఇది ఎందుకు కుదరదు? సమన్లు ఆడవాళ్లకి కూడా ఇవ్వొచ్చని ప్రతి స్టేషన్‌లో తెలుగులో రాసి అతికించండి.

చిన్నాన్న మళ్లీ చెన్నై వెళ్లిపోయాడు. రీకాల్ ఆర్డరు జిరాక్సులు మూడు తీయించాం. ఒకటి ఆయన పర్సులో, ఒకటి పిన్ని రేషన్ కార్డు కవర్లో, ఒకటి నా దగ్గర. వచ్చే నెల వాయిదా ఉంది, వస్తాడు.

ఇట్లు,
కవిటి మండలం నుంచి మీ రాష్ట్ర పౌరుడు