మా అమ్మాయి సంతకం కోసం కోర్టు మెట్లెక్కాను: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది చంద్రగిరి. నా మనవరాలికి 13 ఏళ్లు, కబడ్డీ బాగా ఆడుతుంది. మా అమ్మాయి కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది. అల్లుడు వదిలేసి వెళ్లి ఏళ్లయింది, జాడ తెలియదు. పిల్లను నేనూ మా ఇంటావిడా సాకుతున్నాం.

పోయిన వేసవిలో మైసూరులో పది రోజుల శిక్షణకు పిల్ల ఎంపికైంది. స్కూల్లో ఒక కాగితం చేతికిచ్చారు. తల్లిదండ్రులిద్దరి సమ్మతిని వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాయించి, నోటరీ చేయించి, నాలుగు రోజుల్లో తెచ్చివ్వాలట.

తిరుపతి కోర్టు దగ్గర టైపు చేయించుకుని నోటరీ లాయరు గారి ముందు పెట్టాను. ఆయన చదివి, "సంతకం పెట్టే మనిషి ఏదీ, పెద్దాయనా?" అన్నారు. కువైట్‌లో ఉందన్నాను. "ఎదురుగా లేని మనిషి సంతకానికి నేను ముద్ర వేయకూడదు. అక్కడి మన ఎంబసీలో చేయించుకుని పంపమనండి" అని, ఒక్క రూపాయి తీసుకోకుండా పంపేశారు. ఆయన్ని తప్పు పట్టను. 1952 నాటి నోటరీల చట్టం ఆయనకిచ్చిన పనే అది, సంతకం ఫలానా మనిషిదేనని ధ్రువీకరించడం. కానీ మా అమ్మాయి ఎంబసీ దాకా వెళ్లాలంటే ఆ ఇంటివాళ్లు వదలాలి కదా! నాలుగు రోజుల్లో అయ్యే పనేనా?

బయట టీ కొట్టు దగ్గర ఒకాయన నా కాగితం చూసి, "మీరే సంతకం పెట్టేయండి, ముద్ర నేను వేయించిస్తా, ఐదు వందలివ్వండి" అన్నాడు. పెన్ను కూడా చేతిలో పెట్టాడు. కాగితం మోకాలి మీద పెట్టుకుని మా అమ్మాయి పేరులో మొదటి అక్షరం దాకా వచ్చి ఆగిపోయాను. పలక మీద దానికి ఆ పేరు దిద్దించింది ఈ చెయ్యే. దొంగ సంతకానికి మనసొప్పలేదు.

పిల్ల మైసూరు వెళ్లలేదు. బూట్లు మంచం కిందికి తోసేసి, ఆ పది రోజులూ గ్రౌండు వైపు పోలేదు.

అయ్యా, పిల్లలకు పాస్‌పోర్టు తీసేటప్పుడే తల్లిదండ్రుల డిక్లరేషను తెల్ల కాగితం మీద రాసిస్తే చాలు, నోటరీ అక్కర్లేదు అని విదేశాంగ శాఖ 2016 డిసెంబరులోనే చెప్పింది. తల్లీ తండ్రీ ఇద్దరి పేర్లూ ఉండాలన్న పట్టు కూడా అప్పుడే వదిలేసింది. పాస్‌పోర్టుకే అక్కర్లేని ముద్ర, పక్క రాష్ట్రంలో కబడ్డీ ఆడటానికి ఎందుకు? పిల్లలు పరదేశం వెళ్లేటప్పుడు అక్కడివాళ్లు నోటరీ కాగితం అడిగితే అది వేరే సంగతి.

అసలు సమ్మతి దేనికి? పిల్ల ఎక్కడికి పోతోంది, ఎవరు తీసుకెళ్తున్నారు, ఎక్కడ పడుకుంటుంది, జ్వరమొస్తే ఎవరు చూస్తారు అన్నవి ఇంట్లో వాళ్లు తెలుసుకుని సరేననడానికి. మాకిచ్చిన నమూనాలో ఇవేవీ లేవు. వెంట వెళ్లే టీచరమ్మ ఫోను నంబరు కూడా లేదు. ఏం జరిగినా తమకు బాధ్యత లేదన్న వాక్యం మాత్రం రెండు చోట్ల ఉంది! ముద్ర ఎవరి రక్షణకు అడుగుతున్నారో దాన్నిబట్టే తెలియడం లేదా?

మా అమ్మాయి ఎవరో ఆ నోటరీ గారికి తెలియదు. హెడ్మాస్టరు గారికి తెలుసు, ఆమె ఆ బళ్లోనే చదువుకుంది. 2024 డిసెంబరు 7న మీరు పెట్టించిన మెగా పేరెంట్ టీచర్ మీటింగుకు తల్లిదండ్రులు బడికొచ్చారు కదా. అలాంటి రోజున హెడ్మాస్టరు ముందే ఏడాదికి సరిపడా సంతకాలు తీసుకోవచ్చు. మా అమ్మాయిలా దూరంగా ఉన్న తల్లితో వీడియో కాల్‌లో మాట్లాడి, ఆ మాట బడి రిజిస్టరులో రాసుకోవచ్చు. బడికి రాలేని వాళ్లకు ఊళ్లోనే సచివాలయం ఉంది. తండ్రి లేని ఇంట తల్లి మాట, ఇద్దరూ దగ్గర లేనిచోట పిల్లను సాకే అవ్వాతాతల మాట చెల్లాలి. ప్రయాణం వివరాలన్నీ ఉన్న సమ్మతి పత్రం ఒకటి మీ శాఖే తయారు చేసి, బడి నుంచి వెళ్లే ఆటలకూ విహార యాత్రలకూ అదే వాడాలని, నోటరీ అడగకూడదని ఉత్తర్వు ఇప్పించండి.

వచ్చే వేసవి శిక్షణకు ఎంపికలు మళ్లీ మొదలవుతున్నాయి. మొన్న ఆదివారం పిల్ల బూట్లు బయటికి తీసి, దుమ్ము దులిపి, "ఈసారి కాగితం ఎట్లా తాతా?" అని అడిగింది. మీ ఉత్తర్వు ఆలోపు మా బడికి చేరేలా చూడమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
చంద్రగిరి నుంచి ఒక తాత