ఖాళీ కుర్చీతో మిగిలేది నలభై రూపాయలే

సంపాదకులు గారికి,

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల జీతాలకు, అద్దెలకు పెట్టే డబ్బేదో నేరుగా మాజీ సైనికులకే ఇవ్వొచ్చు కదా అని మావాళ్లలోనే కొందరు అంటుంటారు. మొన్నటి దాకా నేనూ అలాగే అనుకున్నాను. నాకు పిన్ని వరసయ్యే ఒకావిడను వెంటబెట్టుకుని ఆ ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాక నా అభిప్రాయం మారింది.

బాబాయి పెన్షన్‌కు సరిపడా సర్వీసు పూర్తికాకముందే ఆర్మీ నుంచి వచ్చేశారు. ఆయన పోయాక పిన్నికి ఆధారం లేదు. 65 ఏళ్లు దాటి, పెన్షన్ లేని మాజీ సైనికులకు హవల్దార్ స్థాయి వరకు, వాళ్లు పోతే భార్యలకు కేంద్రీయ సైనిక్ బోర్డు నెలనెలా సాయం ఇస్తుంది. రూ.4,000గా ఉన్న ఆ సాయాన్ని 2025 అక్టోబరులో రూ.8,000 చేశారు. ఆ కబురు విని వెళ్లాం. మా జిల్లా విడిపోయినా ఈ ఆఫీసు పాత జిల్లా కేంద్రంలోనే ఉంది. బస్సులో రెండున్నర గంటలు. మొదటిసారి అధికారి లేరు, ఆయన పక్క జిల్లాకూ ఇన్‌చార్జి. రెండోసారి డిశ్చార్జి బుక్‌లో పిన్ని పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉందన్నారు. స్పర్శ్ (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ) లైఫ్ సర్టిఫికెట్లు, డిపెండెంట్ కార్డులు, పిల్లల స్కాలర్‌షిప్ కాగితాలు అన్నీ ఒక్క గుమస్తానే చూస్తున్నాడు. మధ్యాహ్నం మూడింటికి కూడా అతను అన్నం తినలేదు. అతన్ని ఏమనగలం?

అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే పెట్టినా జిల్లా అధికారి కాగితాలు సరిచూసి సిఫార్సు చేయాలి. కాబట్టి ఆ కుర్చీ ఖాళీగా ఉంటే ఢిల్లీలో సాయం రెట్టింపు చేసినా మా ఊరికి చేరదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మనలాంటి రాష్ట్రాల్లో ఈ కార్యాలయాల నిర్వహణ ఖర్చులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. వంద రూపాయల జీతం పోస్టు ఖాళీగా ఉంచితే రాష్ట్రానికి మిగిలేది నలభై. కేంద్రం నుంచి రావాల్సిన అరవై పోగొట్టుకున్నట్టే. ఇది పొదుపు ఎలా అవుతుంది?

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. కలెక్టరేట్లు, ఎస్పీ ఆఫీసులు వచ్చాయి. సైనిక సంక్షేమ శాఖను మాత్రం అంత తొందరగా ఎవరూ గుర్తుచేసుకోలేదు. తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపుతున్న మిలటరీ మాధవరం లాంటి ఊళ్లున్న రాష్ట్రం మనది. కొత్త జిల్లాలన్నింటిలో వెంటనే ఆఫీసు పెట్టమని నేను అడగడం లేదు. కనీసం మాజీ సైనికుల కుటుంబాలకు సాయపడే ఒక వెల్ఫేర్ ఆర్గనైజర్‌ను వేసి, నెలకోసారి మండల కేంద్రాల్లో క్యాంపు పెట్టించండి. ముసలివాళ్లకు బస్సు ప్రయాణం తప్పుతుంది. ఆ పోస్టులకు మాజీ సైనికులే దొరుకుతారు. నలభై ఏళ్లకే రిటైరై సెక్యూరిటీ గార్డులుగా పనిచేస్తున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఏ జిల్లాలో ఎన్ని పోస్టులు మంజూరయ్యాయో, ఎన్ని నిండాయో, ఎంత ఖర్చయిందో, ఎన్ని దరఖాస్తులు ఎన్నాళ్లుగా ఆగి ఉన్నాయో ఏటా ప్రకటించాలి. 2022లో మొదలైన అగ్నిపథ్ మొదటి బ్యాచ్‌లో నాలుగేళ్లు ముగించుకుని బయటికొచ్చే కుర్రాళ్లు కూడా దారి అడగడానికి వచ్చేది ఈ గుమ్మానికే.

డిసెంబరు 7 సాయుధ దళాల జెండా దినం నాడు పెద్దల చొక్కాలకు జెండా గుచ్చేది ఈ ఆఫీసు సిబ్బందే. ఆలోగా ఖాళీలు నింపమని ప్రభుత్వాన్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక మాజీ హవల్దార్, ఆంధ్రప్రదేశ్