పేడపురుగులు చెప్పిన మంచుయుగం కబురు

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? అమ్మగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్‌లో "థర్మామీటరే లేని కాలంలో చలి ఎంతుండేదో వీళ్ళకెలా తెలుస్తుందిరా" అని అడిగావు చూడు, అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

దారులు చాలా ఉన్నాయి కానీ నాకు బాగా ఇష్టమైంది పెంకుపురుగుల దారి. 1950లలో ఇంగ్లండులో అప్టన్ వారెన్ అనే చోట, కంకర తవ్వే గుంతలో, మామత్ (మంచుయుగపు ఏనుగు) లాంటి జంతువుల ఎముకలతో పాటు పురుగుల పెంకులు బయటపడ్డాయి. సుమారు 40,000 ఏళ్ళనాటివి! బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో రస్సెల్ కూప్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటి వెంటపడి, ఇక జీవితమంతా ఆ పనే చేశాడు. గాలి తగలని తడి బురదలో ఆ పెంకు కుళ్ళదురా, కొన్నిటికి మెరుపు కూడా పోదు. వాటిని బయటికి తీసే పద్ధతి వింటే ఆశ్చర్యపోతావు. బురదను సన్న జల్లెడలో కడిగి, మిగిలినదాన్ని కిరోసిన్‌తో కలిపి, పైన నీళ్ళు పోస్తారు. కిరోసిన్ పట్టిన పెంకులు పైకి తేలతాయి. అంతే. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఒక తల ముక్క, ఒక రెక్క మీది పెంకు పట్టుకుని, మ్యూజియంలో ఉన్న పురుగులతో మైక్రోస్కోప్ కింద పోల్చి ఏ జాతో తేల్చాలి.

కూప్ గమనించిన పెద్ద విషయం ఏంటంటే అవి దాదాపు అన్నీ ఇప్పటికీ బతికున్న జాతులే. వాతావరణం మారితే అవి రూపం మార్చుకోలేదు, మూటాముల్లె సర్దుకుని వేరేచోటికి పోయాయి. ఇంగ్లండు మంచుయుగపు మట్టిలో ఒక పేడపురుగు దొరికింది, అఫోడియస్ హోల్డెరెరి అని, అది ఇప్పుడు ఎక్కడుందో తెలుసా? టిబెట్ పీఠభూమి మీద! ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక లెక్క. ప్రతి జాతీ ఇప్పుడు ఎంత వేసవి వేడిలో, ఎంత శీతాకాలపు చలిలో బతుకుతోందో చూస్తారు. ఒకేచోట దొరికిన జాతులన్నీ కలిసి బతకగలిగే హద్దులు ఏవో, అదే ఆనాటి వాతావరణం. ఒక ఊళ్ళో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడితే అది కుప్పం చుట్టుపక్కలేనని మనం చెప్పేయమూ, అలాగన్నమాట. ఆకులు తినే పురుగుల్ని మాత్రం ఈ లెక్కలోకి తీసుకోరు, ఎందుకంటే వాటి మొక్క వచ్చేదాకా అవి రాలేవు. వేటాడేవీ, కుళ్ళినవి తినేవీ అయితే వెచ్చబడగానే వచ్చేస్తాయి.

అసలు గొడవ ఇక్కడే వచ్చింది. మంచుయుగం చివర్లో, సుమారు 14,700 ఏళ్ళ క్రితం, బ్రిటన్‌లో వేసవి 10 డిగ్రీల దగ్గర్నుంచి చాలా తొందరగా 17 దాకా ఎగబాకిందని పురుగులు చెప్పాయి. పాత మట్టిలోని పుప్పొడిని బట్టి ఆనాటి చెట్లు ఏవో చెప్పేవాళ్ళేమో అప్పటికింకా చెట్లే లేవు కదా, అంత వేడి ఎక్కడిదన్నారు. చెట్టు రావాలంటే విత్తనం పడాలి, పెరగాలి, మళ్ళీ విత్తనం వేయాలి, తరాలు పడుతుంది. పురుగు ఎగిరి వచ్చేస్తుంది. కొన్నేళ్ళ తర్వాత, 1990ల మొదట్లో, గ్రీన్‌లాండ్‌లో లోతుగా తొలిచి తీసిన పొడవాటి మంచు కడ్డీలు కూడా అలాంటి హఠాత్తు మార్పునే చూపించాయి. పేడపురుగుల మాట నమ్మి కూప్ అన్నేళ్ళు నిలబడ్డాడు చూడు, ఆ మనిషంటే నాకు అందుకే గౌరవం.

నాకు దిగులేసేది ఒక్కటే. అప్పుడు బ్రిటన్ యూరప్‌తో నేలగా కలిసే ఉంది, దారికి అడ్డం లేదు. ఇప్పుడు వాటికి దారి పొడుగునా పొలాలు, రోడ్లు, ఊళ్ళు. మళ్ళీ కదలాల్సివస్తే ఎటు పోతాయిరా?

అన్నట్టు, హైదరాబాద్‌లోనే ఉన్నావుగా, బిర్లా మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళు. మన గోదావరి లోయలో అది దొరికిన 'కోట' అనే పేరున్న రాతి పొరల్లోనే జురాసిక్ కాలపు పురుగులు కూడా దొరికాయి. కాకపోతే ఆ జాతులు ఇప్పుడు లేవు, కాబట్టి కూప్ లెక్క వాటికి పనికిరాదు, వాటి కథ వేరే దారిలో చదవాలి. దాని గురించి ఇంకో ఉత్తరంలో రాస్తాను. నువ్వు మాత్రం జవాబు రాయడానికి బద్ధకించకు.

నీ
మూర్తి