ఆదివారం వనభోజనాలకు యారాడ బీచ్‌కి వెళ్తున్న వాళ్లకి

అందరికీ నమస్కారం. "అంత దూరం వెళ్లి నీళ్లలో దిగొద్దంటే ఎలా?" అని నిన్న ఇద్దరు ముగ్గురు అడిగారు. కారణం చెప్తాను, పిల్లలకి కూడా చదివి వినిపించండి.

ఒడ్డుకి వచ్చిన కెరటాల నీళ్లు మళ్లీ సముద్రంలోకి పోవాలి కదా. అవి ఒక్కోచోట సన్నటి పాయలా కూడి, ఏరులాగా లోపలికి లాగేస్తాయి. దీన్నే రిప్ కరెంట్ అంటారు. ఒక్కోసారి ఇది సెకనుకు 2 మీటర్ల పైనే పోతుంది, గజ ఈతగాడు కూడా దానికి ఎదురు ఈదలేడు. పైగా ఆ పాయ మీద కెరటాలు తక్కువగా విరుగుతాయి. చూడ్డానికి నీళ్లు అక్కడే ప్రశాంతంగా ఉన్నాయనిపిస్తుంది, మనవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు! నాకు భయం అందుకే. ఇసుక అడుగు మారేకొద్దీ పాయ కూడా చోటు మారుతుంది. పోయిన ఏడాది ఇక్కడే దిగాం, ఏమీ కాలేదు అనుకోవద్దు.

మోకాళ్ల లోతు చాలనుకోకండి, వెనక్కి పోయే కెరటం కాళ్ల కింద ఇసుకని తోడేస్తుంది. చెరువులో, స్విమ్మింగ్ పూల్‌లో వచ్చిన ఈత ఇక్కడ చాలదు.

ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకాలే దూకకండి. లైఫ్‌గార్డ్‌ని కేకేయండి, 112కి ఫోన్ చేయండి, తాడో ఖాళీ నీళ్ల డబ్బానో విసరండి. చిక్కుకున్నవాళ్లు ఒడ్డు వైపు కాకుండా తీరం వెంబడి పక్కకి ఈదాలి. అలసిపోతే వెల్లకిలా తేలాలి.

పిల్లల చేతులు మాత్రం వదలకండి.