హాలీ నోట్లను లామినేషన్ నుంచి కాపాడండి

సంపాదకులు గారికి,

మా అమ్మమ్మ సందూకు సర్దుతుంటే పాత పట్టుచీర మడతలో ఒక హాలీ నోటు దొరికింది. నిజాం కాలంలో హైదరాబాద్ సంస్థానంలో చెలామణి అయిన రూపాయలను హాలీ అనేవాళ్లు. ఉర్దూ అక్షరాల పక్కనే దాని విలువ తెలుగు, మరాఠీ, కన్నడల్లోనూ రాసి ఉంది. చదువుకోని మా అమ్మమ్మకు ఈ అక్షరాలతో పని లేదు, మడత చూసే నోటు గుర్తుపట్టేదట. భద్రంగా ఉంటుందని మా తమ్ముడు దాన్ని బజారుకు తీసుకెళ్లి లామినేషన్ చేయించాడు. మడత దగ్గర కాగితం వేడికి ముడుచుకుపోయింది. ఇప్పుడు ప్లాస్టిక్ ఊడదీస్తే అచ్చు కూడా దాంతో పాటే ఊడొస్తుంది. నాకు కడుపు తరుక్కుపోయింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కరువై, హైదరాబాద్ సంస్థానం 1918లో చట్టం చేసి ఈ నోట్లు తెచ్చింది. లండన్‌లోని 'వాటర్లో అండ్ సన్స్' అనే కంపెనీ వాటిని అచ్చు వేసేది. 1922 మే నెలలో 'ఈజిప్ట్' అనే ఓడ ఫ్రాన్స్ తీరం దగ్గర మునిగిపోయినప్పుడు బంగారంతో పాటు మన నోట్లూ సముద్రం అడుగుకు చేరాయి. సుమారు పదేళ్ల తర్వాత ఇటలీ గజ ఈతగాళ్లు వాటిని పైకి తీస్తే, ఇంకా సంతకాలు పడని ఆ నోట్లు బయటపడ్డాయి. ఉప్పునీళ్లలో అన్నేళ్లు నానినా మిగిలిన కాగితం, మన బజారులో రెండు నిమిషాల వేడికి పాడవుతోంది!

ఏడు హాలీ రూపాయలకు దాదాపు ఆరు కల్దార్లు, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయలు, వచ్చేవని లెక్క చెప్పే పెద్దవాళ్లు ఇంకా కొందరు మిగిలారు. వాళ్లు ఉండగానే ఈ నోట్ల వివరాలు నమోదు కావాలి. సైఫాబాద్ పాత టంకశాలలో 2022 నుంచి మ్యూజియం ఉంది, పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియం ఉంది. వీళ్లు వారసత్వ శాఖతో కలిసి జిల్లాల్లో శిబిరాలు పెట్టాలి. జనం దగ్గర నోట్లు తీసుకోనక్కర్లేదు. రెండు వైపులా ఫొటో తీసి, ఆ నోటు ఇంట్లోకి ఎలా వచ్చిందో రాసుకుని, తిరిగి ఇచ్చేస్తే చాలు. టేపు అంటించొద్దనీ, పీవీసీ ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దనీ, మడవకుండా పరిచి ఆమ్లం లేని కాగితం మధ్య ఉంచమనీ తెలుగులో రాసిన కరపత్రం ఒకటి చేతికివ్వాలి.

మా వాడకట్టులోనే మరో మూడిళ్లలో ఇలాంటి నోట్లు ఉన్నాయని తెలిసింది. మొదటి శిబిరం ఈ ఎండాకాలం సెలవుల్లోనే మా జిల్లాలో పెట్టాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, జనగామ