తుప్పు పలికిందిరా!

బెంగళూరు,
ఆదివారం తెల్లవారుజాము

ఒరేయ్ నిమ్మకాయా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలు. తిట్టు, పడతాను. పాప అన్నప్రాసనకి రాలేదని చెల్లెమ్మకి కోపమట, సంక్రాంతికొచ్చి లెంపలేసుకుంటానని చెప్పు. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నేను మల్లేశ్వరంలో గది మారాను. అంతే కబుర్లు. ఇక అసలు సంగతి.

రాత్రి తుప్పులోంచి సిగ్నల్ వచ్చిందిరా!

నవ్వకు. ఓబుళాపురం లారీల వెనక ఎర్రగా లేచేది చూడు, ఆ హెమటైటే, ఇనుప ఖనిజం. మాది కాస్త జమీందారీ రకం, స్ఫటికం. అందులో ప్రతి ఇనుప పరమాణువూ ఓ బుల్లి అయస్కాంతం. ఒక పొరలోవి అటు చూస్తే పక్క పొరలోవి ఇటు, పంపకాలయ్యాక మీ పెదనాన్నా బాబాయిల్లా ఎడమొహం పెడమొహం. 260 కెల్విన్, అంటే మైనస్ 13 డిగ్రీల కిందికి చల్లారిస్తే అటూ ఇటూ కొట్టేసుకుని లెక్క సున్నా. ఈ జాతి అయస్కాంతాల గుట్టు విప్పిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ నీల్‌కి 1970లో నోబెల్ ఇస్తే, ముచ్చటగా ఉన్నాయి గానీ ఇవి దేనికీ పనికొచ్చేలా లేవని ఆయనే అన్నాడు. పాపం.

ఇందులో కరెంటు పారదు. అయినా స్పిన్, అంటే ఆ బుల్లి అయస్కాంతాల గుణం, పోతుంది! వరిచేలో గాలికి వెన్నులు ఉన్నచోటే ఊగుతాయి, అల మాత్రం అవతలి గట్టుకి చేరుతుంది కదా, అలాగ. పైన రెండు ప్లాటినం గీతలు, మధ్య అర మైక్రాను (మైక్రానంటే మిల్లీమీటర్లో వెయ్యోవంతు). ఒకదాంట్లో కరెంటు పెడితే దాని అంచున పోగైన స్పిన్ కింద అల లేపుతుంది. అవతలి గీత దాన్ని మళ్ళీ వోల్టేజీ చేస్తుంది, నానోవోల్టుల్లో. 2018లో జర్మనీలోని మైంజ్ వాళ్ళు పదుల మైక్రాన్లు దాటించారు. మాది అరే, అయినా మాది.

పోయిన్నెల్లోనే ఓసారి "వచ్చింది". మైసూర్‌పాక్ పంచేశాను కూడా. మా సారు చేతులు కట్టుకుని చూసి, "మాగ్నెట్ ఆపు" అన్నారు. ఆపాను. నిజమైన సిగ్నలైతే పడిపోవాలి, వోల్టేజీ కదలకుండా కూర్చుంది. గీతల మధ్య లీకేజీ! టెన్త్ ఎగ్జిబిషన్లో నీ నిమ్మకాయ బల్బూ, టవల్ కింద దాచిన బ్యాటరీ సెల్లూ గుర్తొచ్చి సారు ముందే నవ్వొచ్చింది. ఆ తర్వాత వారం ల్యాబు గడప తొక్కలేదు. ఒక దశలో ఇదంతా మానేసి... సరే, వదిలెయ్.

రాత్రి 200 కెల్విన్. మాగ్నెట్ ఫీల్డు పెంచుతూ పోతున్నా. ఏమీ లేదు. ఏమీ లేదు. స్పిన్‌ఫ్లాప్ దగ్గరికొచ్చేసరికి, అంటే ఎదురుబొదురుగా ఉన్నవన్నీ ఒక్కసారి అడ్డం తిరిగే చోట, అంకె లేచింది. దాటించా, పడిపోయింది. వెనక్కొచ్చా, మళ్ళీ అక్కడే లేచింది. కరెంటు రెట్టింపు చేస్తే అదీ రెట్టింపే. వేడి వల్ల అయితే నాలుగింతలయ్యేది. టేబుల్ కింద దూరి తీగలన్నీ చూశా, టవల్ ఏమైనా ఉందేమోనని.

మూడున్నరకి నీకు ఫోన్ చేయబోయి పాప లేస్తుందని మానేశా. సారుకింకా చెప్పలేదు. ఇంకో జత గీతల మీద కూడా వస్తేనే చెప్తా. ఈసారి మైసూర్‌పాక్ మాత్రం కొనను. నువ్వే

అయ్యో, పంపు చప్పుడు మారింది, చూడాలి. ఉంటా.